మరదలి బేకరీలో బిల్లుల ప్రింటరు

ఆ వారం నా డైరీ తిరగేస్తే, రోజూ రాసుకునే ఎండావానల సంగతి ఒక్క ముక్క లేదు. అంతా ప్రింటరు గోలే.

ఐటీ ఉద్యోగుల పుణ్యమా అని నగరం అంచున ఉన్న యాప్రాల్‌లో ఇళ్లు జోరుగా లేస్తున్న రోజులవి. మా మరదలు టీచరు ఉద్యోగం మానేసి అక్కడ బేకరీ తెరిచింది. బిల్లుల కోసం ఒక కంప్యూటరూ, సిరా అక్కర్లేకుండా వేడితోనే అక్షరాలు వేసే చిన్న ప్రింటరూ కొంది. పైకి చెప్పిన కారణం, పని త్వరగా అవుతుందని. అసలు కారణం వాళ్లాయన. నా తోడల్లుడు కౌంటర్లో కూర్చున్నాడంటే, చర్చిలో చూసిన ప్రతి మనిషికీ "రుచి చూడండి" అంటూ కేకు ముక్క చేతిలో పెట్టేస్తాడు. సాయంత్రానికి అద్దాల బీరువా ఖాళీ, గల్లాపెట్టె కూడా ఖాళీయే.

ప్రింటరు పెట్టిన మర్నాడే బిల్లు రాలేదు. నాకు కబురొచ్చింది. రిటైరయ్యాక కంప్యూటర్ క్లాసులో చేరిన బంధువుని నేనొక్కణ్ణే మరి. వెళ్లి, సీడీ పెట్టి డ్రైవర్ మళ్లీ ఎక్కించాను. డ్రైవరంటే కంప్యూటరు మాటను ప్రింటరుకు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ. బిల్లు చకచకా వచ్చింది. నాకు వేడి బన్నూ, టీ వచ్చాయి. మర్నాడు పొద్దున మళ్లీ బిల్లు లేదు. మళ్లీ సీడీ, మళ్లీ బన్ను.

"బావగారూ, బన్ను కావాలంటే నోరు తెరిచి అడగండి, ఇస్తాను. ప్రింటరును మాత్రం పాడుచెయ్యకండి," అంది మరదలు నవ్వుతూ.

"నేనున్నాగా! బిల్లులు చేత్తో రాసేస్తా," అన్నాడు తోడల్లుడు, కౌంటర్ కుర్చీ వైపు ఆశగా చూస్తూ.

మరదలి నవ్వు ఆగిపోయింది. నన్ను పక్కకు పిలిచి, "రేపూ ఇంతే అయితే ఈయన్నే కూర్చోబెట్టాలి బావగారూ. నెల తిరక్కుండా షాపు మూసుకోవాలి," అంది.

మూడో రోజు సీడీ బయటికి తియ్యలేదు. కంప్యూటర్లో ప్రింటర్ల జాబితా తెరిచి చూశాను. ఎదురుగా ఉన్నది ఒక్క ప్రింటరు, జాబితాలో మూడు పేర్లు. వైరు తీసి వెనకున్న వేరే యూఎస్‌బీ కన్నంలో గుచ్చినప్పుడల్లా కంప్యూటరు దాన్ని కొత్త ప్రింటరనుకుని ఇంకో పేరు పెట్టుకుంటోంది. బిల్లులేమో పాత పేరు దగ్గరికే వెళ్లి వరసలో నిలబడుతున్నాయి.

మరి వైరు తీస్తున్నదెవరు? వంగి కంప్యూటరు వెనక చూశాను. ప్రింటరు వైరు ఉండాల్సిన కన్నంలో తోడల్లుడి పాటల ప్లేయరు చార్జింగ్ అవుతోంది.

"తమ్ముడూ, ఏమిటిది?"

"రాత్రి షాపు మూసేటప్పుడు పెడతా అన్నయ్యా. చెయ్యి సులువుగా అందేది ఆ కన్నమే. ప్రింటరు వైరు అడ్డొచ్చినప్పుడల్లా తీసి ఖాళీగా ఉన్న ఇంకోదాంట్లో జాగ్రత్తగానే పెడుతున్నా కదా!"

ప్లేయరు పీకి, ప్రింటరు వైరు దాని చోట పెట్టాను. అంతే, మొదటి రోజు ఆగిపోయిన బిల్లులన్నీ బరబరా బయటికి రావడం మొదలెట్టాయి. కౌంటర్ ముందు నిలబడ్డ పాలాయన బెదిరిపోయాడు.

"ఏందమ్మా, నేను రెండు బన్నులే కొన్న. గింత పొడుగు బిల్లా?"

"అవి మీవి కావు, ఉండండి," అంటూ మరదలు ఆ కాగితం చించి పక్కన పడేసింది. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని, పాలాయనకు అసలు బిల్లు కొట్టిచ్చింది. తరవాత, "ఏమండీ, రేపట్నుంచి మీరు లోపల ఓవెన్ దగ్గర చూసుకోండి. మీ ప్లేయరుకు అక్కడే ప్లగ్గు పెట్టిస్తా," అంది.

తోడల్లుడు మరదలు కూర్చున్న కౌంటర్ కుర్చీ వైపు ఓసారి చూసి, నా పక్కకి జరిగి గొంతు తగ్గించాడు.

"ఇంకొక్క రోజు ఆగి కనిపెట్టాల్సింది అన్నయ్యా."