పారమ్మ పెద్దమ్మ పెరటి దొంగలు

తడి సిమెంటు వాసన అందరికీ కొత్త ఇంటిని గుర్తు చేస్తుంది. నాకు మాత్రం ఒక మనిషి ముఖం వాడిపోవడం గుర్తొస్తుంది. మొన్న ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మా కొత్తింటి ముందు మేస్త్రీ ఇసుకా సిమెంటూ కలిపి నీళ్ళు పోయగానే ఆ వాసన గుప్పుమంది. గేటుకీ మెట్లకీ మధ్య మిగిలిన జాగా చూపించి, "బౌదీ, పూరోటా ఢాలాయ్ కొరే దిబో?" అన్నాడతను. వదినా, మొత్తం సిమెంటు పోసేయమంటారా అని, బెంగాలీలో. మా ఆయన అప్పటికే తలూపేస్తున్నాడు. బురద ఉండదు, స్కూటరు పెట్టుకోవచ్చు, కడుక్కుంటే అద్దంలా ఉంటుంది. అన్నీ నిజాలే. "ఆగండి," అన్నాను, కాస్త గట్టిగానే. ప్రహరీ వెంబడి నేల వదిలేయమని కాలితో గీత గీసి చూపించాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు. ఎందుకో చెప్పాలంటే పారమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలి. అది నిలబడి చెప్పే సంగతి కాదు కనుక ఇలా కూర్చుని రాస్తున్నాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా ఇంటిదీ వాళ్ళింటిదీ ఒకటే గోడ. మా నాన్నా, ఆవిడ భర్త రామ్మూర్తి పెదనాన్నా ఒకే వర్క్‌షాపులో ఫిట్టర్లు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇనుముతో చెలిమి చేసినవాళ్ళే. పెద్దమ్మ మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వర్క్‌షాపు సైరన్‌కి తోబుట్టువు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చేతిలో గునపంతో కనిపించేది ఎప్పుడూ. మా ఊరి నేల ఎర్ర మొరం, గట్టిగా పొడిస్తే నిప్పులు రాలతాయేమో అనిపిస్తుంది. అలాంటి నేలలో ఆవిడ గొయ్యి తవ్వి, చెరువు మట్టీ పేడా ఆకుల చెత్తా కలిపి నింపి, వానాకాలం దాకా ఓపిక పట్టి అప్పుడు మొక్క పెట్టేది. మనుషుల విషయంలో ఆ ఓపికలో పదో వంతు కూడా ఉండేది కాదు.

నేను బడికెళ్ళే రోజుల్లో మా అమ్మ ఎక్కడో బంగళాల ముందు రంగురంగుల క్రోటన్లు చూసి మనసు పారేసుకుంది. నర్సరీ నుంచి తెచ్చి వంటింటి గుమ్మానికి అటూ ఇటూ నాటింది. అక్కడున్న కరివేపాకు మొక్కని పెకలించి దూరంగా మూలకి మార్చింది. పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని పెళ్ళిచూపులకి వచ్చిన దానిలా ఆ క్రోటన్లని ఎగాదిగా చూసింది.

"ఏటే ఇది? కూరకొస్తాదా, పూజకొస్తాదా?"

"అందంగా ఉంటాదని తెచ్చినానక్కా," అంది అమ్మ చిన్నబోయి.

"అందం ఒద్దన్నానా నాను? నోటికెట్టినట్టే కంటికీ ఎట్టాల. కానీ వంటింటి గుమ్మంకాడ అందమెందుకే నీకు? అక్కడ కరేపాకుండాల. పోపు మాడేలోపు తెంపుకొచ్చేయాల. ఈటిని అట్టుకెల్లి ఈది గుమ్మంలో ఎట్టు, ఎల్లేవోలూ వచ్చేవోలూ సూత్తారు."

ఆ సాయంత్రమే మొక్కలన్నీ చోట్లు మార్చుకున్నాయి. అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది గానీ మూడో రోజు పప్పు తాలింపులోకి పరుగున వెళ్ళి రెబ్బ తుంచుకొచ్చి, తనలో తనే నవ్వుకుంది. పెద్దమ్మకి మొక్కలు ఎంచడమంటే ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకోవాలో నిర్ణయించినంత పని. అంట్ల నీళ్ళు పారే చోట అరటి, కంద, బచ్చలి. వీధి కంచెకి గన్నేరు, ఎందుకంటే కాలనీ మేకలు దాన్ని ముట్టవు. కానీ పసిపిల్లలున్న ఇంటికి ఆ గన్నేరునే వద్దనేది. సన్నజాజి కిటికీ పక్కన. మునగ ఇంటికి దూరంగా, ఎండాకాలపు కాలబైశాఖి గాలివానకి కొమ్మ విరిగి పెంకుల మీద పడకుండా. పారిజాతం మాత్రం బెంగాలీల ఇళ్ళ వైపు ఉండే గోడ దగ్గర పెట్టింది. పూజల రోజుల్లో వాళ్ళ పిల్లలు తెల్లారే వచ్చి రాలిన పువ్వులు ఏరుకుంటారని. మేం పిల్లలం కనకాంబరాలు కోసుకోవడానికి వెళితే, "కిందయి కొయ్యండి, పైనున్నయి రేపటికి," అని కసిరేది.

అయితే మా క్వార్టర్ల లైనంతటా ఆవిడకి పేరు తెచ్చినవి ఇవేవీ కావు, దొంగతనాలు. అడిగి తెచ్చుకున్న మొక్క అలుగుతుందని, దొంగిలించిన మొక్క బతుకుతుందని మన ఆడవాళ్ళలో ఒక నమ్మకం ఉంది కదా. పెద్దమ్మ దాన్ని శాసనంగా పాటించేది. వంటింటి పక్కనున్న ఆవిడ కరివేపాకు చెట్టు చుట్టూ పిలకలు ఎప్పుడూ వస్తూనే ఉండేవి. ఎవరైనా వచ్చి కబుర్లు చెబుతూ చూపు అటు తిప్పారంటే చాలు, "టీ ఎట్టుకొస్తానుండు," అని లోపలికి వెళ్ళిపోయేది. ఆ టీ ఎంతకీ మరిగేది కాదు. వచ్చినవాళ్ళు పిలక తవ్వుకుని కొంగులో దాచుకున్నాక గిన్నె చప్పుడు వినిపించేది. టీ తాగేటప్పుడు ఇద్దరూ వర్క్‌షాపు సంగతులూ, పిల్లల చదువులూ మాట్లాడుకునేవాళ్ళు. కొంగులోంచి మట్టి రాలుతున్నా ఎవరికీ కనిపించేది కాదు. పెదనాన్న మాత్రం పగలబడి నవ్వేవాడు. "మీ పెద్దమ్మ దొంగల సంఘానికి ప్రెసిడెంటే గుంటా. ఇంటికి తాళమెందుకు, తీసేద్దారా?" అనేవాడు నాతో.

ఒకసారి నేను అడిగేశాను. "దొంగతనం చేస్తే మొక్క ఎందుకు బతుకుతుంది పెద్దమ్మా?"

ఆవిడ మట్టి చేతులు దులుపుకుంది. "మొక్కకేటి తెలుస్తాదే, పిచ్చి గుంటా? అడిగితే అడిగినోలికి సిన్నతనం, ఇచ్చినోలికి పొగరు. దొంగతనంలో ఆ రెండూ నేవు. ఈ మాట బయటనకు, నమ్మకం పోతాది."

నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే రాస్తున్నాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది పెదనాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. ఊళ్ళోనే ఝపటాపూర్‌లో కొన్న చిన్న స్థలంలో ఇల్లు కట్టించాడు. పెద్దమ్మని గృహప్రవేశం దాకా రావద్దన్నాడు, చూసి ఆశ్చర్యపోవాలని. ఆవిడ పాత రంగు డబ్బాల్లో, నూనె డబ్బాల్లో అన్నిటి పిలకలూ కొమ్మలూ నాటుకుని, వ్యాను రిక్షా నిండా వేసుకుని, దాని వెనకే నడిచి వచ్చింది. పక్కన నేనున్నాను. గేటు తీసేసరికి ఇంటి ముందూ వెనకా గోడ నుంచి గోడ దాకా నున్నటి సిమెంటు. అప్పటికింకా తడి ఆరలేదు.

"మట్టేదండీ?" అంది పెద్దమ్మ.

"మట్టెందుకే ఇంక?" అన్నాడు పెదనాన్న, ముఖం వెలిగిపోతూ. "బతుకంతా నా బట్టల్లో ఎర్రమట్టి ఉతికి ఉతికి సేతులరిగిపోనాయి నీకు. ఇంక హాయిగా కూకో."

అంత ప్రేమగా అన్న మనిషిని ఏమని తిట్టగలదు? నోరు తెరిస్తే వీధి దద్దరిల్లే మనిషి, వాడిన ముఖంతో రిక్షాలోంచి డబ్బాలు దింపుకోసాగింది. క్వార్టర్లో పుట్టి క్వార్టర్లో బతికిన మా వాళ్ళు చాలామంది చేసే పొరపాటే ఇది. జన్మంతా రైల్వే వారి విశాలమైన పెరట్లో ఉండి, సొంతానికి గుప్పెడు జాగా దొరకగానే బురద మీద కసి తీర్చుకున్నట్టు అంతా సిమెంటు పోసేస్తారు.

డబ్బాలన్నీ డాబా మీదకి చేరాయి. ఆ ఎండాకాలం వాటిని తినేసింది. ఒక్కో డబ్బా ఖాళీ అవుతున్నకొద్దీ పెద్దమ్మ కూడా తగ్గిపోతూ వచ్చింది. నేను వెళితే మెట్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది. ఆ చేతుల్ని అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు, చూడలేకపోయాను కూడా. తిండి తగ్గింది. వీధిలో ఎవరితోనూ పరిచయం పెంచుకోలేదు. ఒకరోజు పెదనాన్న మా ఇంటికి వచ్చి నాన్న ముందు కూలబడ్డాడు. "తిట్టినా బాగున్ను తమ్ముడూ. ఏటీ అనట్లేదు. ఇలగైతే మనిషి దక్కదు నాకు," అన్నాడు. మా నాన్న అమ్మని టీ పెట్టమన్నాడు. నేనే అన్నాను: "పెదనాన్నా, నువ్వు పోసిన సిమెంటు నువ్వే కొట్టెయ్. ఆవిడ అడగదు. అడగడం ఆవిడకి చేతకాదు." ఆయన టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వాళ్ళ వీధి మొదట్లోకి వెళ్ళేసరికి సుత్తి దెబ్బలు వినిపించాయి. పెదనాన్న లుంగీ ఎగగట్టి, ఉలి పెట్టి ప్రహరీ వెంట సిమెంటు పగలగొడుతున్నాడు. ఫిట్టరు చేతివాటం కదా, దారం కట్టినట్టు తిన్నగా వస్తోంది చీలిక. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి, "దాదా, కొత్త నేల ఎందుకు పాడు చేస్తున్నారు?" అని అడుగుతున్నారు. ఆయన సుత్తి ఆపలేదు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపటికి లోపలికి వెళ్ళి, గునపం పట్టుకొచ్చి, "ఉలితో మొరం లేస్తాదేటి? లెగండి," అంది. అన్ని నెలల తర్వాత ఆ గొంతు సైరన్‌లా మోగింది. పెదనాన్న నేల మీద కూర్చుండిపోయి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సిమెంటు దుమ్ము అన్నాడు.

తీరా చూస్తే ఆ పట్టీలో మూడు మొక్కలు పడతాయి, అంతే. గంధరాజ్ నిమ్మ పెడదామన్నాను నేను. జామ అన్నాడు పెదనాన్న. ఆవిడ మా మాట వినిపించుకోకుండా మెట్ల మీద కూర్చుని, ఆ రోజంతా ఎండ ఎటు నుంచి ఎటు జరుగుతుందో చూసింది. సాయంత్రానికి తీర్పు చెప్పింది. నీడ పడే గేటు పక్కన నందివర్ధనం, కంటికీ పూజకీ. కుళాయి నీళ్ళు పారే కొసన బచ్చలి, గోడ మీదికి పాకించడానికి. ఎండ తగిలే నడిమధ్యన కరివేపాకు.

"వంటింటి దగ్గర ఉండాలన్నావు కదా పెద్దమ్మా? వంటిల్లు వెనక్కి ఉంది."

"ఎనకాలెడితే నానొక్కదాన్నే తింటాను. గోడకాడెడితే ఈదోలు దొంగతనం సేసుకుంటారు. మరి నాకు సావాసమెలగొస్తాది?"

అయితే పిలక ఎక్కడిది? డాబా మీదవి ఎండిపోయాయి. ఉన్నదల్లా పాత క్వార్టర్లో తల్లి చెట్టే. అక్కడ ఇప్పుడు ఒక బెంగాలీ గార్డుగారి కుటుంబం ఉంటోంది. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది గానీ, గేటు దగ్గరే ఆగిపోయింది. ఎన్నడూ ఎవరినీ అడగని మనిషి. ఆ ఇంటి దీదీ మమ్మల్ని చూసి, సంగతి నా నోట విని, సంతోషంగా తనే తాపీ పట్టుకుని చెట్టు దగ్గరికి నడిచింది. "గాఛ్ తో ఆప్నారి, మాశీమా," అంది. చెట్టు మీదే కదా పిన్నీ అని.

పెద్దమ్మ గబగబా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. తనకొచ్చిన బెంగాలీలో, నువ్వు ఇవ్వకూడదు, నేను దొంగిలించాలి, నువ్వు అటు తిరుగు అని చెప్పింది. దీదీ తెల్లబోయింది. "చురి?" అని, దొంగతనమా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ నవ్వాపుకుంటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. తను నాటిన చెట్టు దగ్గర పెద్దమ్మ దొంగలా వంగి కూర్చుని, అటూ ఇటూ చూస్తూ పిలక తవ్వుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను గోడ పట్టుకున్నాను. తర్వాత ముగ్గురం కూర్చుని టీ తాగాం. కొంగులోంచి మట్టి రాలింది. ఎవరూ చూడలేదు.

ఆ చెట్టు ఝపటాపూర్ వీధిని ఆవిడకి తెచ్చిపెట్టింది. కరివేపాకు దొరక్క తిరిగే, ఇక్కడి ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివే మన తెలుగు పిల్లలు కూడా ఎలా కనిపెట్టారో, ఆ గోడ కనిపెట్టేశారు. గోడ దగ్గర ఆకు గలగలమంటే పెద్దమ్మ లోపలికి వెళ్ళి టీవీ గొంతు పెంచేది. పెదనాన్న ఎప్పటిలాగే వెక్కిరించేవాడు.

పోయిన వానాకాలంలో పెద్దమ్మ పోయింది. చివరిదాకా గోళ్ళలో మట్టి ఉంది.

మేస్త్రీని ఆపిన మర్నాడు ఝపటాపూర్ వెళ్ళాను. సంచిలో తాపీ, తడిగుడ్డ ఉన్నాయి. పెదనాన్న కరివేపాకు చెట్టుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ పోయాక పగలంతా అక్కడేనట, కాపలా ఉన్నట్టు. పక్కన కూర్చున్నాను.

"ఇల్లెంతవరకొచ్చినాది?" అన్నాడు.

"ముందు జాగా ఒక్కటే మిగిలింది పెదనాన్నా. గోడ వెంట మట్టి ఒదిలేయమన్నాను."

 చెట్టు మొదట్లో లేత పిలకలు కనిపిస్తున్నాయి. నా చూపు అటు వెళ్ళడం ఆయన చూశాడు, నా సంచినీ చూశాడు. అడుగుదామనుకున్నాను. ఈ వయసులో, ఈ చెట్టు దగ్గర, ఆయన్నేమని అడగను?

పెదనాన్న కుర్చీ చేతుల మీద బలం పెట్టి మెల్లగా లేచాడు. కుర్చీని వెనక్కి తిప్పుకుని, చెట్టుకీ నాకూ వీపు పెట్టి, ఇంటి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "కళ్ళల్లో ఎండ పడతాందే," అన్నాడు. పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది.

నేను వంగి పిలక తవ్వుకున్నాను. వేళ్ళకి మట్టి చెదరకుండా తడిగుడ్డ చుట్టి సంచిలో దాచుకున్నాను. ఆయన వెనక్కి తిరగలేదు, భుజాలు మాత్రం కొంచెం కదులుతున్నాయి. ఆ భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు, మాట కూడా చెప్పకుండా గేటు దగ్గరగా లాగి వచ్చేశాను. దొంగలు చెప్పి వెళ్ళరు కదా.