రెండుసార్లు తడితే ఆపాలి

అన్నయ్య పోయిన రెండో నెలలో కారు మీద కప్పిన టార్పాలిన్‌ని నాన్న తీశాడు.

అన్నయ్యకి వచ్చింది మెదడుకెక్కే మలేరియా. సోమవారం ఒళ్ళు వెచ్చబడింది, శుక్రవారానికి లేడు. తనకి ఇరవై ఎనిమిదేళ్ళు, ఒక్కగానొక్క చెల్లెల్ని, నాకు ఇరవై నాలుగు. ఎనభైల చివరి సంగతి ఇది. ఇప్పుడు నాన్న కూడా లేడు. ఆయన ఉండగా దీన్ని రాయడం నాకు చేతకాలేదు.

ఆ కారు ఒక విదేశీ ఇంజనీరుది. మేం వలసవచ్చి స్థిరపడిన హిందీ ఊళ్ళో, ఉక్కు ఫ్యాక్టరీకి ఏదో ఫర్నేసు బిగించడానికి వచ్చి, పని అయ్యాక అమ్మేసి వెళ్ళిపోయాడట. ఇద్దరు ముగ్గురి చేతులు మారి, సాక్చిలో ఒక గోదాము వెనక కదలకుండా పడి ఉంటే అన్నయ్య కొని, కాసిడీహ్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డుకి తోయించుకొచ్చాడు. చూడటానికి పిల్లాజెల్లాతో ప్రయాణం చేసే మామూలు కారే. కానీ దానికి టర్బో ఉంది. పొగతో పాటు బయటికి పోయే వేడి గాలి ఒక చిన్న చక్రాన్ని తిప్పితే, ఆ చక్రం ఇంజన్లోకి మరింత గాలిని తోస్తుంది. వేగం అందుకునేటప్పుడు సన్నగా ఈల వినిపిస్తుంది.

అన్నయ్యకి అది చాలలేదు. యుద్ధకాలంలో విమానాల ఇంజన్లకి నైట్రస్ ఆక్సైడ్ పట్టేవారని ఎక్కడో చదివాడు. ఆపరేషన్‌కి ముందు మత్తు కోసం ఇచ్చే గ్యాసే అది. ఇంజన్లో అది మంటకి కావలసిన ఆక్సిజన్ ఇస్తుంది. ఆ మేరకు పెట్రోలు కూడా ఎక్కువ పంపాలి. పెట్రోలు తగ్గితే పిస్టన్ కరుగుతుంది. మూతపడిన ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ నుంచి నీలం సిలిండర్ ఒకటి సంపాదించి, డిక్కీలో పడుకోబెట్టి, పట్టీలతో బిగించాడు.

నాన్న జీవితమంతా ఒక ప్రైవేటు షెడ్డులో, బాగుచేసిన డీజిల్ ఇంజన్లని పరీక్షించే పనిలో గడిచింది. అరవై దగ్గరపడేసరికి ఆయనకి చెవులు దాదాపుగా పోయాయి. మనిషి పెదాలు చూసి సగం, చెవి దగ్గర అరిస్తే సగం గ్రహించేవాడు. ఆ షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి, పక్కవాడి భుజం మీద తట్టి చెప్పుకునేవారు. ఒకసారి తడితే అంతా బాగుందని. రెండుసార్లు తడితే ఆపమని. మా ఇంట్లో కూడా అదే అలవాటయింది. నాన్న పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ అమ్మ భుజం తట్టేది. చాలంటే ఆయన తిరిగి ఆమె చేతిని రెండుసార్లు తట్టేవాడు.

ఈ గ్యాసు ఆలోచన మొదట్నుంచీ నాన్నకి నచ్చలేదు.

“గుర్రానికి సారా పోత్తావేటిరా?” అనేవాడు.

“పరిగెడతాది నాన్నా! నువ్వు నడుపు. నేను వెనక కూకుని సప్పుడు ఇంటాను,” అని అన్నయ్య ఆయన చెవిలో అరిచేవాడు.

“ఏక్‌దమ్ పాగల్. నీ వల్ల అవదు.”

ఆ చివరి మాట వేళాకోళానికి అన్నదే. అన్నయ్య జ్వరం పడటానికి పది రోజుల ముందు కూడా అన్నాడు. పోయాక ఆయన ఎన్నడూ ఏడ్వలేదు. టార్పాలిన్ తీసి, అన్నయ్య నోటుబుక్కు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, మిగిలిన పని ఎక్కడుందో అక్కడినుంచి మొదలుపెట్టాడు. సిలిండర్ నుంచి ముందుకి గొట్టం వేశాడు. చేతికి అందేలా సీటు పక్కన తిప్పే వాల్వు పెట్టాడు. నోటుబుక్కులో ఒక్కొక్క పనికీ అన్నయ్య టిక్కు పెట్టుకున్నట్టే తనూ పెట్టాడు. ఆఖరి పేజీలో ఒకే వాక్యం మిగిలింది. ట్రయల్, నాన్న నడపాలి, నేను వెనక.

“నువ్వు కూకోవాలి గుంటా,” అన్నాడు నాతో. “ఇంజన్లో రాళ్ళు పడ్డట్టు సప్పుడు వత్తాది. అది ఇంటే ఎంటనే రెండు తట్టాల. ఆలిస్యం అయితే ఇంజనూ ఎలిపోద్ది, మనమూ ఎలిపోతాం.”

అమ్మ గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వినేలా అరిచింది. “ఒకడు సాల్లేదా మీకు? ఈ గుంటని కూడా సంపుతారా?”

నాన్నకి కూడా వినబడింది.

మే నెలలో ఒక ఆదివారం, పదకొండు గంటలప్పుడు ఊరి బయట హాతా రోడ్డు మీదికి వెళ్ళాం. వడగాలికి మనుషులెవరూ బయట లేరు. పశువులు కూడా లేవు. నేను నాన్న వెనక కూర్చున్నాను. నోటుబుక్కు నా ఒళ్ళో ఉంది. మొదట గ్యాసు లేకుండా నడిపాడు. ఈల వచ్చింది.

“ఈల వత్తందా?”

నేను ఒకసారి తట్టాను. బాగానే ఉంది. కారు ఆపి, డిక్కీ తెరిచి, సిలిండర్ తాళం విప్పి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. దూరందాకా తిన్నగా ఉన్న రోడ్డు చూసుకుని వాల్వు తిప్పాడు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత నా వీపు సీటుకి అతుక్కుపోయింది. నా కాళ్ళ పక్కనుంచి పోయే గొట్టం మీద తెల్లగా మంచు పట్టడం చూశాను. అంత ఎండలో, కళ్ళముందే, వెనకనుంచి ముందుకి పాకింది. ఈల మరీ సన్నమై వినిపించడం మానేసింది. అద్దంలో నాన్న ముఖం కనిపించింది. ఆయన నవ్వుతున్నాడు. రెండు నెలల తర్వాత అదే మొదటిసారి.

అప్పుడు రాళ్ళ చప్పుడు విన్నాను. గుప్పెడు రాళ్ళు రేకు డబ్బాలో వేసి ఊపినట్టు, పొరపాటు పడటానికి వీల్లేనంత స్పష్టంగా. నేను తట్టలేదు. భయపడి కాదు. తడితే ఆ నవ్వు పోతుంది. ఇంతకంటే మంచి కారణం ఈ రోజుకీ నాకు దొరకలేదు.

నాన్న వాల్వు మూసేశాడు. కారు తనంతట తనే నెమ్మదించి, రోడ్డు పక్కన ఆగింది. ఆయన వెనక్కి తిరిగాడు.

“శభాష్ గుంటా. ఇంకొక్క రవ్వయితే ఎలిపోదుం. టైముకి తట్టినావు.”

నేను నా చేతులు చూసుకున్నాను. రెండూ ఒళ్ళోనే, నోటుబుక్కు మీద ఉన్నాయి.

“హా,” అన్నాను.

దీనికి మామూలు కారణం ఒకటి చెప్పవచ్చు. ఇంజన్లో కొట్టుకున్న దెబ్బ సీటుకి తగిలి, దాన్నే ఆయన తట్టడమనుకుని ఉండవచ్చు. ఆ వారమంతా నాకు నేను అదే చెప్పుకున్నాను. ఇంటికి వచ్చాక నాన్న స్పార్క్ ప్లగ్గు విప్పి చూపించాడు. తెల్ల పింగాణీ మీద ఆవగింజ కంటే చిన్న వెండి చుక్కలున్నాయి. పిస్టన్ కరగడం మొదలైంది.

“పెట్రోలు సాల్లేదు,” అని పెట్రోలు దారిని పెద్దది చేశాడు. వచ్చే ఆదివారం ఇంకా ఎక్కువసేపు గ్యాసు వదలాలన్నాడు. అమ్మ మళ్ళీ అడ్డుపడితే, “గుంట సెయ్యి ఉంది కదే, మరేటి బయం?” అన్నాడు. అమ్మ నా వైపు చూసి ఊరుకుంది. ఆ చూపులో నమ్మకం ఉంది. నా చెయ్యి ఏం చేసిందో, ఏం చెయ్యలేదో నాకు తెలుసు. దాన్ని నమ్మి ఆయన ఈసారి అది తట్టేదాకా వాల్వు మూయడు.

ఆదివారం ఉదయం షెడ్డులోకి వెళ్ళాను. చెవులు వినబడని మనిషికి తప్పు మెల్లగా ఒప్పుకునే వీలుండదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది.

“నాన్నా! ఆ రోజు నేను తట్టలేదు!”

“ఏటి?”

“నేను తట్టలేదు! సప్పుడు ఇన్నాను. అయినా తట్టలేదు!”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాన్న చాలాసేపు నా పెదాల వైపే చూశాడు. తర్వాత వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

“ఎక్కు.”

వెనక కూర్చున్నాను.

“ఇప్పుడు తట్టు.”

భుజం మీద రెండుసార్లు తట్టాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “మళ్ళీ.” మళ్ళీ తట్టాను. “ఇది కాదు,” అన్నాడు. కోపంగా కాదు, కొలత సరిపోని నట్టు గురించి చెప్పినట్టు అన్నాడు.

అమ్మ తడి చేతులతో వచ్చింది. ఆ కారుని అన్నయ్య ఉండగా కూడా తను ముట్టుకోలేదు. అవతలి తలుపు తీసి, వెనక సీట్లో నా పక్కన కూర్చుంది.

“ఎల్దాం పదండి,” అంది.

నాన్నకి వినబడలేదు. అద్దంలో ఆమెని చూసి, “ఏటంటంది?” అని నన్నడిగాడు.

అమ్మే ముందుకి వంగి ఆయన చెవిలో చెప్పింది. “ఆ రోడ్డుకే ఎల్దాం. ఆ గేసు తిప్పండి. పెద్దోడు మళ్ళీ తడతాడేటో సూద్దాం.”

అమ్మ గొంతులో ఏడుపు లేదు. బజారుకి వెళదామన్నట్టు ఉంది. నాకు ఆ వారంలో కలిగిన భయమంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. నాన్న తాళం చెవి మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే ఉండిపోయాడు. ఆయన వెళ్ళాలనుకుంటున్నాడని మెడ చూస్తే తెలుస్తోంది.

“తట్టకపోతేనో?” అన్నాడు కాసేపటికి.

అమ్మ వెనక్కి ఆనుకుని కూర్చుంది.

ఆయన దిగి, స్పానర్ తీసుకుని డిక్కీ దగ్గరికి వెళ్ళాడు. పట్టీలు విప్పి, సిలిండర్‌ని పెరట్లోకి దొర్లించి, గ్యాసంతా వదిలేశాడు. సుయ్యిమనే చప్పుడు చాలాసేపు వచ్చింది. “అయిపోనాదా?” అని మధ్యమధ్య నన్ను అడుగుతూ ఉన్నాడు. ఇంకా లేదని నేను తల ఊపుతూ ఉన్నాను. అయిపోయాక చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాడు.

అమ్మ కారు దిగలేదు. మధ్యాహ్నం అన్నం వేళకి నేనే వెళ్ళి తలుపు తెరిచాను. ఇంకొంచెంసేపు అంది.