బోర్డులు చదివిన పిల్ల

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు నడిచేటప్పుడు నేను దుకాణాల బోర్డులు చదువుతాను. మనసులో కాదు, పైకే. రిటైరయ్యాక పట్టుకున్న జబ్బు అనుకుంటారు మావారు. "నలుగురూ చూస్తున్నారు, కాస్త నోరు మూసుకుని నడవలేవా" అని పక్కనుంచి గొణుగుతారు. నలుగురూ చూడాలనే కదండీ వాళ్ళు బోర్డులు పెట్టుకున్నది అంటాను. ఆయనకి కోపం వస్తుంది, నాకు నవ్వొస్తుంది. చివరికి ఓ కొత్తిమీర కట్ట కొనుక్కుని ఇద్దరం ఇంటికొస్తాం.

ఈ జబ్బు రిటైరయ్యాక వచ్చింది కాదు. బడిలో ఉండగానే వచ్చింది, ఒక పాలమూరు పిల్ల వల్ల.

మా బడి ఈ రెండు పేటల మధ్య ఓ సందులో ఉంది. సర్కారు హైస్కూలు, అదే ఆవరణలో ఓ పక్కన చిన్న పిల్లల బడి. నేను ఇంగ్లీషు టీచర్ని. మా నాన్నగారు ఆఫీసు ఉద్యోగంతో పాటు కృష్ణ దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు గనక నేను పుట్టిందీ పెరిగిందీ చిక్కడపల్లిలోనే. అయినా ఇంట్లో మాట్లాడే మాట మాత్రం ఆ ఒడ్డుదే. క్లాసులో నేను "ఏంటర్రా ఆ గోల" అంటే వెనక బెంచీల వాళ్ళు ముక్కుతో "ఏంటర్రా" అని నన్ను వెక్కిరించేవారు. వాళ్ళు "ఏంది టీచర్" అంటే నేనూ అలాగే సాగదీసి వెక్కిరించేదాన్ని. దాంతో చెల్లుకు చెల్లు.

సర్కారు బళ్ళు ఇంగ్లీషు మీడియంలోకి మారిన కొత్తల సంగతి ఇది. పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ తెలుగు. పిల్లల చూపెప్పుడూ తెలుగు పేజీ మీదే. దాని మీద అట్ట పెట్టి మూయండ్రా అంటే మూసేవారు, నేను బోర్డు వైపు తిరగ్గానే అట్ట ఎత్తి చూసేవారు. నాకు తెలియదనుకునేవారు. సైన్సు మేడం, లెక్కల సారు కూడా ముందు ఇంగ్లీషులో చెప్పి, పిల్లల మొహాలు చూసి, మళ్ళీ అంతా తెలుగులో చెప్పి, నా దగ్గరికొచ్చి తలపట్టుకునేవారు. మీ పిల్లలకి కాస్త ఇంగ్లీషు ఎక్కించండి మేడం, మా ప్రాణం కుదుటపడుతుంది అనేవారు. ఎక్కించడానికి అదేమన్నా సెలైనా?

ఆ వానాకాలంలో వచ్చింది ఆ పిల్ల, తండ్రి వెనకాల, తడిసిన సంచీ గుండెలకి హత్తుకుని. తండ్రి మేస్త్రీ. అశోక్‌నగర్‌లో ఎవరిదో పాత ఇల్లు పడగొట్టి ఆడపిల్లల హాస్టల్ కడుతున్నారు. తండ్రికి అక్కడ పని, తల్లి అక్కడే ఇటుకలు మోస్తుంది. సెల్లార్లో రేకులు అడ్డుపెట్టుకుని అక్కడే కాపురం. నడక రాని తమ్ముడు ఒకడున్నాడు. పిల్ల ఊళ్ళో అయిదు దాకా తెలుగులో చదివింది. వయసుకి ఆరో తరగతిలో కూర్చోవాలి.

మా హెడ్మాస్టరు మంచివాడే. కానీ పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే ఆయనకి చెమటలు పట్టేవి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని పిల్లని ఆరులో కూర్చోబెడితే నా మెడకి చుట్టుకుంటుంది, పక్క బళ్ళో నాలుగో తరగతిలో కొన్నాళ్ళు కూర్చోనిద్దాం అన్నాడు. ఆ మాట అనగానే తండ్రి లేచి నిలబడ్డాడు.

"ఆరుల కూసుంటేనే పంపుత సారూ. గా పొట్టి పోరగాండ్ల నడుమ కూసుంటే సిగ్గుతోని చస్తది. దానికన్న తమ్ముణ్ణి ఎత్తుకుంటది, మా ఇంటామె పనన్న జేస్కుంటది."

పిల్ల నేల చూపులు చూస్తోంది. సంచీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా. నా క్లాసులో కూర్చుంటుంది, నేను చూసుకుంటాను అనేశాను. హెడ్మాస్టరు నన్నోసారి, తండ్రినోసారి చూశాడు. హాఫ్ ఇయర్లీ దాకా గడువిచ్చాడు. అప్పటికి ఇంగ్లీషులో నోరు తెరిస్తే సరే, లేకపోతే నాలుగులోకే. నాలుగులోకి అంటే ఇంటికే అని ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

ఆ పిల్ల నోరు తెరిస్తేనా! గుడ్ మార్నింగ్ అందరితో కలిసి కూడా అనదు, పెదవులు కదిపి ఊరుకుంటుంది. పేరడిగితే పక్కపిల్ల చెప్పాలి. బతిమాలాను, బెదిరించాను, చాక్లెట్ ఆశ పెట్టాను. చాక్లెట్ తీసుకుని తమ్ముడి కోసం జేబులో వేసుకుంది గానీ నోరు మాత్రం మెదపలేదు. అదే తెలుగు పేజీ ఇవ్వండి, గడగడా చదివేస్తుంది, ఎక్కడా తడుముకోదు. ఇంటికెళ్ళి మావారి దగ్గర మొత్తుకునేదాన్ని. నీకెందుకే అంత పంతం అనేవారాయన. పంతం కాదు, భయం. నేను చూసుకుంటానని అన్నది నేను కదా.

నెలకో శనివారం పిల్లలు బ్యాగులు తేనక్కర్లేదు. ఆ రోజు ఆటలు, పాటలు ఏవైనా చెయ్యొచ్చు. వాన వెలిసి ఎండ కాసిన అలాంటి ఓ శనివారం క్లాసుని బయటికి తీసుకెళ్ళాను. చిక్కడపల్లి లైబ్రరీ ముందునుంచి అశోక్‌నగర్ సందుల్లోకి, జంటలు జంటలుగా చేతులు పట్టుకుని. ఆ సందులు చూడాలి మీరు. జిల్లాల నుంచి వచ్చి ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలే ఎటు చూసినా. టీ బండి దగ్గర గ్లాసు చేతిలో, పుస్తకం చంకలో, నోట నోటిఫికేషన్ మాట. వాళ్ళ మీద బతికే దుకాణాలు, వాటి నెత్తిన బోర్డులు. పైన తెలుగు అక్షరాలు, కింద ఇంగ్లీషు అక్షరాలు.

ఒక జిరాక్స్ దుకాణం ముందు మా పిల్లలు వరుస తప్పితే ఆగాను. పాలమూరు పిల్ల తలెత్తి బోర్డు చదువుతోంది, తనలో తను, పెదవులతో. ఏం చదువుతున్నావే, గట్టిగా చదువు అన్నాను. తెలుగే గనక జంకు లేకుండా చదివింది: "స్పైరల్ బైండింగ్. లామినేషన్. కలర్ ప్రింట్."

స్పైరల్ బైండింగ్ అంటే ఏంటో తెలుసా అన్నాను.

"పుస్తకానికి తీగె చుట్టుడు టీచర్. మా సైటు ముంగల రోజు చుడతరు."

లామినేషన్ అంటే కాయితానికి ప్లాస్టిక్ తొడుగుడు అని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఓసి పిచ్చిదానా, నువ్విప్పుడు మాట్లాడింది ఇంగ్లీషేనే అన్నాను. ఆ పిల్ల నన్ను అనుమానంగా చూసింది. టీచరు తనని ఆట పట్టిస్తోందనుకుంది.

"గిది తెలుగే గద టీచర్. తెలుగుల్నే రాసిన్రు."

తన చుట్టూ ఉన్న ఇంగ్లీషంతా తెలుగక్షరాల్లో రాసి ఉంది గనక అదంతా తెలుగే అనుకుంది పాపం. అనుకోదూ మరి? ఆ మాటలు ఇంగ్లీషువని తనకి ఎవరు చెప్పారు గనక! వేలు పట్టుకుని పైవరస చూపించాను, కిందివరస చూపించాను. అదీ ఇదీ ఒకటే మాట అన్నాను. ఆ పిల్ల కిందివరసని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా వెళ్ళింది. తర్వాత పక్క దుకాణం దగ్గరికి తనే పరిగెత్తింది. లేడీస్ హాస్టల్. స్టడీ హాల్. టు లెట్. టు లెట్ అంటే అని అడిగాను. "అర్ర కిరాయికున్నదని" అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు నావైపు చూసి. ఆ రోజు ఆ సందులోంచి మేం తొందరగా బయటపడలేదు.

అక్కణ్ణించి మా క్లాసు పద్ధతే మారిపోయింది. ప్రతివాళ్ళూ పొద్దున్నే దారిలో చూసిన ఒక బోర్డు చెప్పాలి, నల్లబల్ల మీద రాయాలి, దాంతో ఒక వాక్యం కట్టాలి. రాంనగర్ నుంచి వచ్చేవాళ్ళు చేపల దుకాణాలు తెచ్చారు, నారాయణగూడ నుంచి వచ్చేవాళ్ళు ఆస్పత్రులు, కాలేజీలు తెచ్చారు. పాలమూరు పిల్ల ఏకంగా వీధి సమాచారమంతా మోసుకొచ్చేది. ఈ దుకాణం ఈరోజు మూసి ఉంది, ఆ హాస్టల్లో నీళ్ళు లేవు, అంతా ఇంగ్లీషులో, వచ్చినట్టు, ముక్కలు ముక్కలుగా. సిలబస్ ఏమయింది మేడం అని హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి వెళ్ళేవాడు. వస్తోంది సార్, దారిలో ఉంది అనేదాన్ని. ఎంత బాగుండేవో ఆ పొద్దుటిపూటలు! ఇప్పటికీ ఫస్ట్ బెల్లు వేళకి నా మనసు అటే లాగుతుంది.

హాఫ్ ఇయర్లీ అయ్యాక హెడ్మాస్టరు పిల్లని తన గదికి పిలిపించాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పాఠం చదవమన్నాడు. నెమ్మదిగా, వేలు పెట్టుకుని చదివింది. ఆయన పుస్తకం మూసి, ఇంగ్లీషులో అడిగాడు, నువ్వెక్కడ ఉంటావు అని. పిల్ల నావైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి చెప్పింది.

"అండర్ కన్‌స్ట్రక్షన్ సర్. ఆపోజిట్ జిరాక్స్. నో లిఫ్ట్."

హెడ్మాస్టరు ముందు మీసం కింద నవ్వు ఆపుకున్నాడు, తర్వాత ఆపుకోలేదు. "ఆరులనే ఉండనీ మేడం" అన్నాడు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. పిల్ల మాత్రం అందులో నవ్వడానికేముందో అర్థంకాక మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

ఇంక ఆ పిల్ల ఎక్కడికీ పోదనుకున్నాను. సాయంత్రాలు ఆ కట్టడం ముందునుంచి ఇంటికెళ్తూ, అబ్బ, టైల్స్ దాకా వచ్చారే, రంగులు వేస్తున్నారే అని సంతోషించాను కూడా. ఆ రంగులు ఆరితే ఏమవుతుందో నాకు తట్టనేలేదు.

సంక్రాంతి సెలవులై బడి తెరిచిన కొన్నాళ్ళకి తండ్రి టీసీ కోసం వచ్చాడు. ఊరవతల ఎక్కడో వెంచర్లో పని దొరికిందట. పరీక్షల దాకా ఆగమన్నాను. పిల్లని సర్కారు హాస్టల్లో వేద్దాం, సీటు కోసం నేను తిరుగుతాను అన్నాను. తల్లి ఒప్పుకోలేదట, పిల్లని వదిలి ఉండలేనందట. సెల్లార్లో ఇంకొన్నాళ్ళు ఉండనిస్తారేమో అడుగుతానన్నాను. ఆయన నా మాటలన్నీ విన్నాడు, ఒక్కదానికీ విసుక్కోలేదు.

"ఈడ పని అయిపాయె మేడం. కింద సెల్లార్ల గూడ అర్రలు జేస్తున్నరు. పని యాడుంటే ఆడికే వోవుడు మాది."

అక్కడ కూడా ఆరులోనే చేర్పిస్తానని మాటిచ్చాడు. పిల్ల నా కొంగు అంచు పట్టుకుని నిలబడింది.

రెండ్రోజులకి మించి ఆగలేకపోయాను. ఒక మంచి డిక్షనరీ కొని, బడి వదలగానే అశోక్‌నగర్ వెళ్ళాను. సెల్లార్లో రేకులు లేవు, కడిగిన నేల ఇంకా తడిగా ఉంది. హాస్టల్ ఓనరు గేటు దగ్గర నిలబడి బోర్డు కట్టిస్తున్నాడు. కొత్త తెల్ల పలక మీద నీలం రంగు అక్షరాలు. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. ఆ చేతిరాత నాకు కొత్త కాదు.

రంగులవాడు రాకపోతే మేస్త్రీ కూతురు నేను రాస్తానందట. ఆయన చెబుతుంటే కూర్చుని ఓపిగ్గా రాసిందట. టు లెట్. లేడీస్ హాస్టల్. నియర్ మెట్రో. నియర్ లైబ్రరీ. అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి, అడుగున ఒక్కటి తప్ప.

"చూడండి మేడం, ఇది నేను చెప్పలేదు. ఉద్యోగాలకి చదువుకునే ఆడపిల్లలకి స్కూలెందుకండీ? రేపు తుడిపించేస్తాను" అన్నాడాయన.

నియర్ స్కూల్, అని ఉంది అక్కడ.

తుడిపించకండి, అబద్ధమేం కాదుగా అన్నాను. ఆయన నా మొహం చూసి సరేనన్నాడు. డిక్షనరీ బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. ఆ పిల్ల అడ్రసు నాకెవరూ చెప్పలేకపోయారు, ఆ డిక్షనరీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

గది ఖాళీ అయినప్పుడల్లా ఆ హాస్టల్ వాళ్ళు ఆ బోర్డే తగిలిస్తారు. నీలం రంగు వెలిసిపోయింది. అక్కడికి రాగానే నేను ఆగుతాను, పైనుంచి అడుగు దాకా పైకే చదువుతాను. మావారు ఆ ఒక్క బోర్డు దగ్గర మాత్రం నన్నేమీ అనరు. ఆ గేటు ముందు నిలబడితే మా బడి గంట వినిపిస్తుంది.