మొదటి తన్ను కట్టినవాడిదే

నా మట్టి ఊరిని నన్నే కూల్చనిస్తానని మాటిచ్చి, మా అన్న తానే తన్నేసినాడు. నిన్న ధర్మపురిలో మనవరాలు కంప్యూటర్ ఆటలో కార్లనూ కరెంటు స్తంభాలనూ గుద్ది పడగొడుతుంటే అది గుర్తొచ్చింది.

"ఆ ఇంటినీ కూల్చమ్మా," అన్నాను.

"ఇండ్లు పగలవు తాతా. ఈ ఆటలో అంతే."

చిన్నప్పటి మన మట్టి ఆటలో అన్నీ పగిలేవి. గుర్తుందా మీకు, తడిసిన ఎర్రమన్ను వాసన, కొబ్బరిచిప్ప బావి, మొరప్పూరు పోయే అగ్గిపెట్టె బస్సు? పొద్దంతా కట్టి, ఇంటికి పోయే ముందు కూల్చేవాళ్ళం. మొదటి తన్ను కట్టినవాడిదే. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. ఇంకొకరి ఊరి మీద నేనెన్నడూ కాలు పెట్టలేదని ఈ పొద్దుకీ గర్వంగా చెప్తాను.

అన్నను ఎప్పుడో క్షమించినాను. "మట్టే కదరా, దానికి ఏడుస్తావేమి?" అని నవ్విన మా మేనత్త రాజమ్మను మాత్రం క్షమించలేదు.