అంకెల్లేని కోడ్

మా పెదనాన్న బ్యాంకును ఎంచుకున్న పద్ధతి నేను కాలేజీలో చెప్పే బ్యాంకింగ్ పాఠాల్లో ఎక్కడా లేదు. ఆయనకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. గేటు దాటితే రోడ్డు పొడవునా బ్యాంకులే. ఆయన ఖాతా మాత్రం పామర్రులో. బండి నంబరు కూడితే తొమ్మిది రావాలని వేలంపాటకు దిగేవాళ్లు బెజవాడలో బోలెడుమంది ఉన్నారు. బ్రాంచి ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడితే తొమ్మిది వచ్చిందని అక్కడ ఖాతా తెరిచిన మనిషి మాత్రం నాకు తెలిసి ఈయనొక్కడే. ఏ చిన్న సంతకం కావాలన్నా బస్సెక్కి పామర్రు వెళ్లొస్తాడు. ఎందుకీ తిప్పలని అడిగితే, "దారంతా గాలి బాగుంటదమ్మా" అంటాడు.

ఒకసారి ఓపిగ్గా చెప్పాను. ఆ కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగిలిన ఆరూ బ్రాంచివి, డబ్బు దారి తప్పకుండా పెట్టిన గుర్తు తప్ప అందులో మహిమేమీ లేదని. ఆయన శ్రద్ధగా విని, "సున్నాతో ఇబ్బంది లేదులే, కూడికకు అడ్డం రాదు" అన్నాడు.

ఈమధ్య లారీలు కంపెనీ నుంచే బాడీతో సహా దిగుతున్నాయి. షెడ్డులో పని సగానికి పైగా పడిపోయింది. అద్దె గడువు ముగిసేలోపు పెద్ద ఆర్డరు తగలకపోతే షెడ్డు వదిలేస్తానని పెదనాన్న తేల్చి చెప్పాడు. పొలం కౌలుకిచ్చి చాలా కాలమైంది. షెడ్డు లేకపోతే పొద్దున లేచి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు, మాకసలే తెలియదు.

అలాంటప్పుడు టాంజానియా వ్యాపారి ఒకాయన గన్నవరంలో విమానం దిగి నేరుగా షెడ్డుకు వచ్చాడు. టిప్పర్ బాడీని సుత్తితో కొట్టి చూశాడు, భోజనంలో గోంగూర మారు వడ్డించుకున్నాడు, డజను బాడీలు కావాలన్నాడు. ఊరు చేరాక, అడ్వాన్సు పంపుతాను, ఇందులో మీ బ్యాంకు స్విఫ్ట్ కోడ్ నింపండి అని ఒక ఫారం పంపాడు. దాంట్లో పదకొండు గళ్లున్నాయి. పెదనాన్న దగ్గర పదకొండు అక్షరాల కోడ్ ఉండనే ఉంది, పైగా తొమ్మిది వచ్చే కోడ్. నన్నొక మాట అడక్కుండా ఐఎఫ్ఎస్‌సీ నింపి పంపేశాడు. ఇలాంటి బ్యాంకు భూమ్మీద లేదని అక్కడి బ్యాంకు తిప్పికొట్టింది.

"ఆ కోడ్ మన దేశం దాటితే చెల్లదు పెదనాన్నా" అన్నాను ఫోన్లో.

"పామర్రులో అందరికీ చెల్లుద్దిగా?"

"పామర్రులో నిన్ను చూస్తేనే గుర్తుపడతారు. విమానమెక్కాలంటే పాస్‌పోర్టు కావాలి కదా. స్విఫ్ట్ కోడ్ బ్యాంకుకు పాస్‌పోర్టు."

పామర్రు బ్రాంచికి ఆ పాస్‌పోర్టు లేదు. విదేశీ డబ్బు ముందు బొంబాయిలోని ప్రధాన కార్యాలయానికి వస్తుంది, అక్కడి నుంచి ఖాతా నంబరు పట్టుకుని పామర్రు చేరుతుంది. బ్రాంచికి ఫోన్ చేసి ప్రధాన కార్యాలయం కోడ్ కనుక్కున్నాను. ఎనిమిది అక్షరాలు: నాలుగు బ్యాంకుకు, రెండు దేశానికి, రెండు ఊరికి. దాన్ని పెదనాన్నకు పంపి, నా పని అయిపోయిందనుకున్నాను.

కొన్నాళ్లకు ఆ వ్యాపారి నాకే మెయిల్ పెట్టాడు. కోడ్ ఇంకా అందలేదు, ఆర్డరు వేరేవాళ్లకు ఇచ్చుకోమంటారా అని. ఆటో ఎక్కి షెడ్డుకు వెళ్లాను. పెదనాన్న ఖాళీ షెడ్డులో ఒక కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"దీంట్లో ఒక్క అంకె లేదమ్మా. ఏం కూడమంటావు?"

"కూడమని ఎవరన్నారు? పంపమన్నాను."

"అక్షరాలు లెక్కబెడితే ఎనిమిది. పోనీలే అని సిద్ధాంతి గారి దగ్గరికెళ్లా. ఆయన అక్షరానికో అంకె వేసి కూడితే పదిహేడొచ్చింది. అదీ ఎనిమిదే. శనిది."

నాకు ఒళ్లు మండింది. "షెడ్డు మూసేసుకో, తొమ్మిదిని మాత్రం పామర్రులో భద్రంగా దాచుకో" అన్నాను. ఆయన ఆ కాగితం మీద మళ్లీ మొదటి నుంచి కూడటం మొదలుపెట్టాడు. ఎప్పుడూ మాటకు మాట అంటించే మనిషిని అలా చూస్తే నాకు భయం వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిది అక్షరాల కోడ్ చివర మూడు ఎక్స్‌లు చేర్చి రాసినా తప్పు లేదు. ప్రధాన కార్యాలయం అని చెప్పడానికి అలాగే రాస్తారు. ఫారంలో పదకొండు గళ్లు అందుకే. సిద్ధాంతి గారి కాగితం లాక్కుని చూశాను. ఎక్స్‌కు అయిదట. మూడు అయిదులు పదిహేను, దానికి పాత పదిహేడు కలిపితే ముప్పై రెండు. మూడూ రెండూ అయిదు.

"అయిదు ఎవరిది పెదనాన్నా?"

"బుధుడిది. వ్యాపారానికి మంచోడు."

బ్యాంకింగ్ లెక్చరర్ని ఆటోనగర్‌లో కూర్చుని గ్రహాలు కూడుతున్నాను. మా ప్రిన్సిపాల్ గారు అటు రాలేదు కాబట్టి బతికిపోయాను. పెదనాన్న ఆ పదకొండు గళ్లూ నింపి, ఫారం ఫోటో తీసి పంపాడు.

తర్వాతి వారం పామర్రు బ్రాంచి వాళ్లు ఈ డబ్బు దేనికని అడిగితే ఆర్డరు కాగితాలు చూపించాం. ఆ సాయంత్రం ఖాతాలో పడినట్టు మెసేజ్ వచ్చింది. పెదనాన్న చదివాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"చూశావా నా బుధుణ్ణి" అన్నాను.

"బుధుడూ లేదు, శనీ లేదు" అన్నాడు నెమ్మదిగా. "కోడు పంపనన్నాళ్లూ, పంపితే వచ్చిద్దిలే అనుకుంటా పడుకునేవాణ్ణి. పంపినాక కూడా రాకపోతే ఇంకేమనుకుని పడుకోవాలమ్మా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన అది చూడలేదు. అప్పటికే స్టీలు షాపుకు ఫోన్ కలిపి బాడీలకు ఇనప రేకులు పంపమంటున్నాడు. రేపు ఏ టైముకు దింపమంటారని అవతలివాళ్లు అడిగినట్టున్నారు. "ఎప్పుడైనా సరే, తొందరగా దింపండి" అన్నాడు.