మావ పాదం కొలత

దూది పింజను ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి గింజ నూనె వాసన వస్తుంది. ఈ ఉదయం కిటికీలోంచి జీడిపిక్కలు కాలుస్తున్న పొగ వచ్చి దాంతో కలిసింది. మా కాశీబుగ్గలో ఆ పొగ కొత్తేమీ కాదు. కానీ ఆ రెండు వాసనలూ కలిస్తే నా చేతిలో తకిలీ ఆగిపోతుంది, వరాలత్త గుర్తొస్తుంది.

ఆవిడ మాకు చుట్టం కాదు. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలున్న మనిషి. భర్తకి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక, ఆసుపత్రికి దగ్గరని మా పక్క వాటాలో అద్దెకు దిగారు. నేను అత్తా, మావా అనేదాన్ని. వాళ్ల సామాన్లలో గిన్నెల కంటే ముందు దిగింది ఒక గోనెడు దూది. చిన్నప్పుడు బడిలో తకిలీ మీద నూలు వడకడం నేర్పారట, ఆ సరదా ఆవిణ్ని వదల్లేదు. పొందూరులో చేప దవడతో పత్తి దువ్వుతారని విని, చేపలమ్మే ఆవిడ వెంటపడి ఒక దవడ సంపాదించింది. ఇంత నూలు తీసి ఏం చేస్తావని అడిగితే, "ఏటీ సెయ్యను. దూది దారమెలగవుతాదో సూత్తుంటాను" అంది.

డయాలసిస్ గదిలో ఏసీకి మావ కాళ్లు చల్లబడిపోయేవి. కొట్టులో కొన్న సాక్సులు తొడిగితే, ఉబ్బిన కాలి మీద రబ్బరు లోతుగా గీత పెట్టేది. మావ నొప్పి అనేవాడు కాదు, ఇక ఆసుపత్రికి రానని మాత్రం అనేవాడు. అత్తకి అదే భయం. రబ్బరు లేని మెత్తని నూలు సాక్సులు మా ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి? తనే అల్లుతానంది. మిలటరీలో ఉన్న తన తమ్ముడి పాత ఉన్ని సాక్సు ఒకటి ఒళ్లో వేసుకుని, వరసలు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. ఫోన్లో వీడియో చూపిస్తానన్నా వినలేదు. "ఆగవే. మడం కాడ మలుపెలగ తిరిగిందో నన్ను సూణ్ణీ" అంది.

మొదటి జత ముచ్చటగా వచ్చింది. తీరా ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున్న తొడగబోతే మడమ దాటి ఎక్కలేదు. అత్త కొలిచింది అంతకుముందు డయాలసిస్ అయి ఇంటికొచ్చిన సాయంత్రం, ఒంట్లో నీరు తీసేశాక తగ్గిన పాదాన్ని. ఈలోగా మళ్లీ నీరు చేరింది. మావ నవ్వేశాడు. "మనిషినొక్కణ్ణే గాని, నాకు కాళ్లు రెండు జతలు వరాలూ."

అప్పట్నుంచి అత్త వెళ్లేముందోసారి, వచ్చాకోసారి పాదం చుట్టూ ఒకే నూలుపోగు చుట్టి, కొలత దగ్గర ముడేసేది. ముడుల మధ్య దూరం పెరిగితే, నీళ్లెక్కువ తాగావని మావని పట్టేసేది. లోపలి కుట్టూ బయటి కుట్టూ మార్చి మార్చి అల్లితే రబ్బరు లేకుండానే సాగుతుందని విప్పిన సాక్సులోనే కనిపెట్టింది. కొత్త జతలో ఒక సాక్సు పూర్తయింది. రెండో కాలికి తువ్వాలు చుట్టుకుని, మావ ఆ ఒంటి సాక్సుతోనే ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. రాననడం మానేశాడు.

రెండోది మడమ దగ్గరికి వచ్చేసరికి మావ పోయాడు. కర్మలన్నీ అయ్యాక చూద్దును కదా, అత్త మళ్లీ అల్లిక పుల్లలు పట్టుకుని ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇంకెవరి కోసమని అడిగేశాను.

"ఎవులికోసరమూ కాదు. మడం మలుపులో ఉండిపోనాది. అదెలగ తిరుగుద్దో సూడకండా ఎలగ ఒగ్గీమంతావు?" అంటూనే ఏడ్చింది. ఏడుస్తూనే అల్లింది. ఆ జతని ఆసుపత్రిలో మావ పక్క మంచంలో ఉండే కోటబొమ్మాళి రైతుకి తనే తొడిగి, అక్కణ్నుంచి ఊరికి వెళ్లిపోయింది. దూది మాత్రం ఇప్పటికీ నాకు పంపుతుంది.

మలుపు ఎలా తిరిగిందో చూడాలనే ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఏ అల్లిక కనిపించినా తిరగేసి చూడకుండా ఉండలేను. ఇప్పుడు అల్లుతున్న సాక్సులు మా నాన్నకి. రేపు ఆయన మొదటిసారి ఆ డయాలసిస్ గదిలోకి వెళ్తున్నాడు. నాకు భయంగా ఉంది. పొద్దున్న ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని నూలుపోగు చుట్టాను. ఏటమ్మా ఇది అని అడిగాడు. కొలత నాన్నా అన్నాను. ఒక ముడి వేశాను. రెండోది రేపు సాయంత్రం వెయ్యాలి.