మీటరు మాట

ఈ రోజు సోనారి విమానాశ్రయం హ్యాంగర్‌లో తప్పు నాదే. చిన్న టర్బైన్ విమానం ఇంజన్‌ను స్టార్ట్ చేసే సీల్డ్ బ్యాటరీ పరీక్షకు వచ్చింది. దాని మూత తీసి లోపల చూడలేం. మీటరు పెడితే వోల్టేజీ నిక్షేపంగా ఉంది. వెంటనే ట్యాగు మీద ఓకే రాయబోయాను.

భార్య దినకర్మలు ముగించుకుని ఇవాళే డ్యూటీకొచ్చిన అప్పారావు బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీటరు మాట నమ్మీకు బాబూ. లోడ్ పెట్టి సూడు."

కరెంటు లాగే లోడ్ తగిలించాను. గంటసేపు నిలవాల్సిన బ్యాటరీ ఇరవై నిమిషాలకే చతికిలబడింది.

పనికిరాదని ఎర్ర ట్యాగు కడుతుంటే ఆయన మెల్లగా అన్నాడు: "మా ఇంటిదాన్ని రోజూ అడిగీవోణ్ని, ఒంట్లో ఎలాగుందే అని. బాగానే ఉందనీది. సైకిలెక్కి వచ్చీసీవోణ్ని. మరో మాట అడగనేదు."

ముప్పై ఏళ్లలో ఒక్క బ్యాటరీని కూడా మీటరు చూసి వదిలిపెట్టని మనిషి!

సాయంత్రం గేటు దగ్గర, "ఎలా ఉన్నావు బాబాయ్?" అనడిగాను.

"బాగానే ఉన్నాన్రా."

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను స్కూటరు తిప్పి, ఆయన ఇల్లున్న పర్సుడీహ్ దాకా ఆయన సైకిల్ వెనకే వెళ్లాను. ఇది వాళ్ల గుమ్మంలో కూర్చునే రాస్తున్నాను.